భీముకు కట్టిన పీలిక

సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో, ఆర్టీసీ బస్సు చక్రం ఒక్కటీ కదలని నాడు, నేను సిరిసిల్ల నుంచి కోరుట్లకు, అక్కడి నుంచి జగిత్యాలకు కాలినడకన పోయాను. చావడానికి కూర్చున్న మనిషి చేతిలోంచి గాసునూనె సీసా, అదే కిరోసిన్ సీసా, గుంజి పారేసి, రెక్క పట్టుకొని ఇంటికి తెచ్చాను. ఈ మాట హోటల్లో చెబితే చాయ వడబోసేవాడు కూడా చేయి ఆపి వింటాడు. ఒక్కోసారి చెప్పే ఊపులో తోవకు అడ్డంగా వాగు కూడా వస్తుంది. వాగులో నీళ్లు నడుం దాకా ఉంటాయి. వినేవాళ్లు మంచివాళ్లయితే మెడ దాకా.

ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను కాబట్టి వాగును ముందే తీసేస్తున్నాను. చెప్పిన మాట గాలికి పోతుంది, రాసింది మనతోనే కూర్చుంటుంది. మిగిలిన అబద్ధాలు ఎక్కడెక్కడ వస్తాయో అక్కడక్కడే ఒప్పుకుంటాను.

రాయాలని ఎందుకు అనిపించిందంటే, మొన్న నా మనవరాలు తన ఫోన్ చూపించింది. ఏదో పరీక్షకు చదువుతోంది. చేయవలసిన పనులన్నీ ఫోన్లో పెట్టుకుంది. ఒక పక్క గోల్స్, ఒక పక్క ప్రాజెక్టులు.

"రెండిటికి ఏం తేడానే?" అన్నాను.

"గోల్ అంటే ఏడికి చేరాలెనో గది తాతా. ప్రాజెక్టంటే చేసే పని. దానికి సురువు ఉంటది, ఖతం ఉంటది. ఇయ్యాల ఏం జేయాలెనో కనవడ్తది. గోలును ఎవ్వలు చేయలేరు. చేస్తే ప్రాజెక్టునే చేస్తం."

"గీ ముచ్చట మా అక్కకు ఎప్పటినుంచో ఎరుక. ఫోన్ లేకుంటనే ఎరుక."

"ఏ అక్క?"

"నాకు ఉన్నది ఒక్కతే. నన్ను తిట్టే అక్క."

మనవరాలు నవ్వి ఫోన్లోకి పోయింది. నాకు మాత్రం మా బావ యాదికొచ్చాడు. బావ అంటే ఆ అక్క భర్త. నేను తెచ్చానని చెప్పుకునే మనిషి ఆయనే.

మాది సాంచాల ఊరు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. బట్ట నేసేవాళ్లు వేరు, మేము వేరు. బావదీ నాదీ వైపని, అంటే పోగులు అతికే పని. పోగులు చుట్టిన పెద్ద ఇనుప కడ్డీని భీము అంటారు. సాంచ మీద పాత భీము అయిపోయే వేళకు దాని పోగుల కొసలు జానెడు మిగిల్చి ఆపుతారు. కొత్త భీమును తెచ్చి వెనక పెడతారు. ఇక మా పని మొదలు. వేళ్లకు బూడిద అద్దుకొని, పాత కొసను కొత్త కొసతో మెలిపెట్టి అతకాలి. ఒక్కొక్క పోగే. వేల పోగులు. ఎడమ అంచు నుంచి నేను, కుడి అంచు నుంచి బావ. పొద్దంతా ఒకరి వైపు ఒకరం జరుగుతూ వచ్చి నడుమ భుజాలు తాకితే ఆ భీము అయిపోయినట్టు.

వెలుతురు పోయేసరికి పని మిగిలిందనుకోండి, ఆఖరున అతికిన పోగు దగ్గర ఒక గుడ్డపీలిక కట్టి లేస్తాం. రేపు ఇక్కడి నుంచి అని గుర్తు. ఆ పీలికను కట్టిన చేయే ఇప్పాలి. ఇది మాలో కట్టుబాటు. మూఢనమ్మకమేమీ కాదు. ఒక్క పోగు తప్పి పక్కదానికి అతికితే, ఆ తర్వాతివన్నీ ఒక్కొక్కటి జరిగిపోతాయి. చివరికి దిక్కులేని పోగొకటి వేలాడుతుంది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతికేకంటే అంతా తెంపి మళ్లీ అతకడం నయం. ఎక్కడ ఆగాడో, ఏ కట్టను ఎటు మళ్లించి పెట్టాడో ఆగినవాడి వేళ్లకే తెలుసు. అందుకే పీలిక కట్టినవాడు జ్వరమొచ్చినా తెల్లారి వచ్చేవాడు. బావ మరీను. పెండ్లి అయిన తెల్లారి కూడా పీలిక ఇప్పడానికి వచ్చాడని నేను చెబుతుంటాను. తెల్లారి కాదు, మూడో నాడు వచ్చాడు. అయినా వచ్చాడు కదా.

ఉద్యమం మా గల్లీకి వచ్చేసరికి బావకు యాభై దాటాయి. దీక్షల డేరా వేసినప్పటి నుంచి ఆయన పని దిగి నేరుగా అక్కడికే పోయేవాడు. మాట తక్కువ మనిషి, అక్కడ మాట నేర్చాడు. ఏ ముచ్చటైనా "తెలంగాణ అచ్చినంక" అని మొదలయ్యేది. తెలంగాణ అచ్చినంక దగ్గు పోతది. తెలంగాణ అచ్చినంక సాంచాలు ఆగయి. తెలంగాణ అచ్చినంక ఇల్లు ఉరవది.

అక్క గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ వినేది.

"అచ్చినంక సరే. రేపు పొద్దుగాల ఏం జేస్తవ్?" అనేది.

"రేపు ర్యాలీ ఉన్నది."

"ర్యాలీ అయినంక?"

"దీక్షల కూసుంట."

"ఇంటి మీద రేకు జారింది. దాన్ని ఎప్పుడు సరిచేస్తవ్?"

"మేం రాష్ట్రం గురించి మాట్లాడ్తుంటే రేకు గురించి మాట్లాడ్తవేందే?"

"రాష్ట్రానికి నా చెయ్యి అందది. నీది గూడ అందది. రేకుకు అందుతది, నిచ్చెన ఏస్తే."

నేను బావ పక్షమే. అక్కది చిన్న చూపు అనుకునేవాణ్ని. బావ కోరిక తప్పని ఇప్పుడూ అనను. ఆ కోరిక లేని మనిషి ఆ రోజుల్లో మా గల్లీలో లేడు. నా జేబులో కూడా పెద్ద పెద్ద కోరికలు ఉండేవి. తెలంగాణ, బీడీ మానడం, స్లాబ్ ఇల్లు. మూడింటిలో ఒకటి వచ్చింది. బీడీ ఇప్పటికీ నా వేళ్ల మధ్యే ఉంది.

తేడా ఏమిటంటే, నాకు పెద్ద కోరిక ఉన్నా రాత్రి నిద్ర పట్టేది. బావకు పట్టేది కాదు. ఎంత కోరినా దగ్గరికి రాని దాన్ని పొద్దంతా చూస్తూ కూర్చున్నాడు. దాన్ని పట్టుకోవడానికి కొస దొరకలేదు. భీము ఎంత పెద్దదైనా మొదటి పోగు చేతికి వస్తుంది. ఇది అట్లా రాలేదు. ప్రకటన వచ్చింది, వెనక్కి పోయింది. మళ్లీ ఎదురుచూపు.

అప్పుడే పిలగాండ్లు ఒంటి మీద నూనె పోసుకొని కాలిపోతున్నారని వార్తలు రావడం మొదలైంది. చౌరస్తాలో వాళ్ల ఫోటోలు ఫ్లెక్సీలుగా కట్టేవారు. బావ ప్రతి ఫ్లెక్సీ ముందు ఆగేవాడు. ఒకనాడు పనికి పోతూ ఆగాడు.

"ఫోటో మంచిగ అచ్చింది," అన్నాడు.

"పాపం, చిన్న పిలగాడు బావా."

"నాది గూడ ఒక ఫోటో దింపిచ్చాలె బామ్మర్ది."

"నీ మొఖానికి ఫోటో ఎందుకు? ఆ కెమెరా కరాబు అయితది," అన్నాను.

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం అక్క దగ్గర అదే జోకుగా చెప్పాను. అక్క చేతిలోని బీడీ ఆకు అట్లాగే ఆగిపోయింది.

"ఎవల ఫోటో ముందట నిలవడి అన్నడు?"

చెప్పాను. చెబుతుండగానే నా చూపు గూటి దిక్కు పోయింది.

"అక్కా, గూట్ల గాసునూనె సీస ఉన్నది గదా. దాన్ని దాచిపెట్టు," అన్నాను.

"దాస్తే ఇంకోటి కొనుక్కుంటడు. ఉన్నకాడ ఉండని. నువ్వు మాత్రం ఆయన పక్కనే ఉండు. పని మీదికి తీస్కపో, పని మీదికెల్లి తోల్కరా."

అక్క మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. చేతికందే చోట చావును పెట్టుకొని కూర్చుందేమిటి ఈ మనిషి అనుకున్నాను. పైగా ఆ రోజుల్లో గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. ఊరంతా దీపాలు పెట్టుకుంటే అక్క ఇంట్లో మైనపు వత్తి ఒకటి వెలిగేది, అదీ కాసేపు. నూనె పొదుపు చేస్తోంది, ఇంత కష్టంలో కూడా పిసినారితనం పోలేదు అని మా ఇంట్లో అన్నాను కూడా.

నా ఉపాయం నేను చేశాను. హోటల్లో ఈ భాగం బాగా సాగదీసి చెబుతాను, ఎందుకంటే ఇందులో తెలివి నాది. ఏ భీమూ ఆ రోజుకు ఆ రోజు అయిపోకుండా చూడటం మొదలుపెట్టాను. ఎడమ అంచు నుంచి నత్తలాగా జరిగేవాణ్ని. పోగు జారిపోయిందని వెతికేవాణ్ని, బూడిద అయిపోయిందని లేచేవాణ్ని. పొద్దు గూకేసరికి మా ఇద్దరి నడుమ బెత్తెడో జానెడో మిగిలేది. బావ విసుక్కుంటూ తన వైపు పీలిక కట్టేవాడు. పీలిక కట్టిన మనిషి తెల్లారి వస్తాడు. రావాలంటే ఆ రాత్రి బతికి ఉండాలి. నా లెక్క అంతే.

"నీ ఏళ్లకు ఏం రోగమచ్చిందిరా? ఒక భీముకు ఇన్ని దినాలా?" అని సాంచాల ఆసామి నన్ను తిట్టేవాడు.

"ముసలోన్ని అయితున్న సేటు," అనేవాణ్ని.

"ముసలోడు ఆయన. గాయన చేతులు జూడు, ఎట్ల ఉరుకుతున్నయో."

నిజమే, బావ చేతులు ఉరికేవి. భీము ముందు కూర్చున్నంతసేపూ ఆయన మామూలు మనిషి. మనసులో ఏముందో తెలియదు కానీ వేళ్లకు మాత్రం తర్వాతి పోగు ఏదో తెలుసు. దాన్ని పట్టుకుంటే దాని తర్వాతిది. లేచి డేరా దిక్కు నడిచేసరికి మళ్లీ ఆ మొఖం మీద ఏదో కమ్మేది.

తర్వాత సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి. బొగ్గు లేక కరెంటు పోయింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగి మా ఊరు వినబడకుండా పోయింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో బతికినవాళ్లం. అది లేకుంటే చెవిలో పురుగు దూరినట్టు ఉండేది. ఆసామి షెడ్డుకు గొళ్లెం పెట్టాడు. లోపల మా చివరి భీము సగంలో ఉంది. బావ పీలిక దానికి కట్టే ఉంది. అది కట్టి ఉన్నంత కాలం భయం లేదని నేను ధీమాగా ఉన్నాను.

బతుకమ్మ పండుగ దగ్గర పడ్డ రోజుల్లో ఒక పొద్దున అక్క మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ మా ఇంటికి రాదు, నన్నే రమ్మంటుంది. పిడికిలి తెరిచి చూపించింది. అందులో పీలిక.

"దిండు కింద ఉన్నది. సీస గూట్ల లేదు. మనిషి లేడు," అంది.

షెడ్డుకు పరుగెత్తాను. ఆసామి భార్య తీసి చూపింది. నిన్న సాయంత్రం మా బావ వచ్చి, భీము చూసి పోతానని లోపలికి పోయాడట. భీము సగంలోనే ఉంది. ఒక్క పోగు కూడా కొత్తగా అతకలేదు. పీలిక మాత్రం లేదు. పని మిగిలి ఉండగా పీలిక ఇప్పుకొని పోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"కోరుట్లకు పోయి బిడ్డను సూసి అస్త అన్నడట పక్కింటామెతోని," అంది అక్క. "నువ్వు పో. నేను ఈడ ఉంట. మనసు మళ్లి ఇంటికే అస్తే ఎవరో ఒకలు ఉండాలె."

కోరుట్లలో బావ బిడ్డకు ఫోన్ ఉంది కానీ కరెంటు లేక చచ్చి ఉంది. అల్లుడు దుబాయిలో. నేను బయలుదేరాను.

ఇక నడక సంగతి. నడిచాను. ఊరు దాటేదాకా నడిచాను. అక్కడ పాల వ్యాను ఆగితే వేములవాడ దాకా ఎక్కాను. అక్కడి నుంచి మక్క కంకుల ట్రాక్టరు. ఒక ఊరి దగ్గర రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, కడాయిలు, పాటలు. ట్రాక్టరును కదలనివ్వలేదు. "తిని పో కాకా, తెలంగాణ అన్నం," అని విస్తరిలో పులిహోర పెట్టారు. తిన్నాను. మా బావ ఏమయ్యాడో తెలియని ఆ గంటలో కూర్చొని, రెండోసారి పెట్టించుకొని మరీ తిన్నాను. ఆకలి మనిషికి సిగ్గు లేదు. అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం పోయే ఒకతను బండి మీద కోరుట్లలో దించాడు.

బావ బిడ్డ అచ్చం వాళ్లమ్మ లాగానే గుమ్మంలో చాట పెట్టుకొని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"ఏంది మామా, ఇయ్యాల అందరు మా ఇంటి మీద పడ్డరు? ఇప్పుడే నాయిన అచ్చి పోయిండు."

"ఏమన్నడు బిడ్డా?"

"ఏమనలే. చాయ తాగిండు. జగిత్యాలల సభ ఉన్నదట, పోయిండు. ఎవలదో కారు పోతుంటే ఎక్కిండు."

"చేతుల ఏమన్న ఉండెనా?"

"తువ్వాల మూట. ఎప్పుడచ్చినా నాకు ఏదో ఒకటి తెస్తడు గదా, ఏం దెచ్చినవ్ నాయినా అన్న. గీసారి నీకు గాదు బిడ్డా అన్నడు." అంతలోనే ఆమె చేయి ఆగింది. "ఎందుకు మామా?"

"ఉత్తగనే," అన్నాను. చాయ పెడతానంటే వద్దన్నాను. అది చాలు ఆమెకు అనుమానం రావడానికి, నేను చాయ వద్దనడం. కానీ నేను అప్పటికే గల్లీ దాటాను.

మేడిపల్లి మీదుగా జగిత్యాల పోయే ఆటోలో మనుషుల మీద మనుషులం కూర్చున్నాం. అందరూ తెలంగాణ గురించే మాట్లాడుతున్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట వినాలనిపించలేదు.

జగిత్యాలలో సభ అయిపోయింది. జనం విడిపోతున్నారు. చౌరస్తాలో అడిగాను, డేరాల్లో చూశాను. చివరికి బస్టాండులోకి పోయాను. బస్సు లేని బస్టాండు ఎట్లా ఉంటుందో అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు. బయట ఆర్టీసీ వాళ్ల డేరాలో డప్పు మోగుతోంది, లోపల కుక్కలు పడుకున్నాయి. చివరి ప్లాట్‌ఫారం మీద, మల్యాల అని రాసిన బోర్డు కింద, సిమెంటు బెంచీ మీద బావ ఉన్నాడు. తువ్వాల పక్కన పడి ఉంది. అంగి తడిసి ఒంటికి అంటుకుంది. వెంట్రుకలు తడిగా ఉన్నాయి. తుంపరలో తిరిగాడేమో అనుకున్నాను.

హోటల్లో చెప్పేటప్పుడు ఇక్కడ నేను ఎగిరి ఆయన చేతిలోని సీసా గుంజి మోరీలో పారేస్తాను. తర్వాత ఉపన్యాసం ఇస్తాను. నీ ప్రాణం నీది కాదు బావా, తెలంగాణ తల్లిది అంటాను. డేరాలోని వాళ్లు కూడా వచ్చి కండ్లు తుడుచుకుంటారు.

సీసా ఆయన చేతిలో లేదు. బెంచీ కింద పడి ఉంది. నేను మెల్లగా కాలితో అవతలికి తోశాను. మూత ఉందో లేదో కూడా చూడలేదు. డేరాలోంచి ఎవరూ రాలేదు. ఉపన్యాసం ఏదీ ఇవ్వలేదు. పక్కన కూర్చున్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"పీలిక ఎందుకు ఇప్పినవ్ బావా?"

ఆయన నా దిక్కు చూడలేదు. "ఇగ దాంతోని పనేమున్నది?"

"నువ్వు ఏడ ఆపినవో నాకెట్ల ఎరుక? ఆసామి రేపు కరెంటు అస్తదంటున్నడు." ఇది అబద్ధం. ఆసామిని నేను కలవనే లేదు.

"కుడి అంచుకెల్లి సూడు. తెలుస్తది."

"నా కండ్లకు తెల్వది. పోగులన్ని కలిసిపోయినయ్. ఒక్కటి తప్పితే పురాగ తెంపాలె."

"మూడో కట్ట మలిపి పెట్టిన. దాని ఎన్కకెల్లి."

"ఏ దిక్కు మలిపినవ్?"

బావ అప్పుడు నా మొఖం చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు అర్థం కాదు. కోపం కాదు, ఏడుపు కాదు. చాలా దూరం నుంచి నన్ను గుర్తుపడుతున్నట్టు చూశాడు.

"ఇన్నేండ్లయె నా పక్కన కూసోవట్టి," అన్నాడు. "ఒక్కనాడన్న నా దిక్కు జూసినవా నువ్వు?" మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేచాడు. "నడువు. నేనే సూపెడ్త."

పోయే ముందు ఇద్దరం బీడీ తాగుదామనుకున్నాం. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశాను. నాని మెత్తగా ఉంది. ఒక్క పుల్లా అంటుకోలేదు. బయట డేరాలో అగ్గి అడిగి ముట్టించుకున్నాం. పొద్దుండగానే మల్యాల మీదుగా పోయే జీపు దొరికింది.

ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలో ఉంది. లేవలేదు, ఏడవలేదు. బావ అంగి దిక్కు చూసింది. బావ అక్క మొఖం దిక్కు చూశాడు. "కాళ్లు కడుక్కోండ్రి, అన్నం పెడ్త," అంది. నేను తిన్నాను.

తెల్లారి కరెంటు రాలేదు కానీ బావ షెడ్డు తీయించాడు. పగటి వెలుతురులో నేను ఎడమ నుంచి, ఆయన కుడి నుంచి అతుకుతూ వచ్చాం. నేను నత్తనడక నడవలేదు. నడుమ మా భుజాలు తాకాయి. చివరి పోగు ఆయనే అతికాడు. నేను గెలిచాననుకున్నాను. అప్పటి నుంచి ఈ కథ చెబుతూనే ఉన్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా పటాకులు. బావ మంచం మీద ఉన్నాడు. దగ్గు అప్పటికే ఆయన్ను సగం తినేసింది. నేను గులాల్ మొఖంతో పోయి "అచ్చింది బావా" అన్నాను.

"అచ్చింది," అన్నాడు. దగ్గు తగ్గేదాకా ఆగాడు. "రేపు పొద్దుగాల ఏం జేద్దాం బామ్మర్ది?"

అది అక్క మాట. ఆయన నోట్లోంచి వినడం అదే మొదలు. అతకడానికి మా చేతికి ఏ భీమూ లేదు. దగ్గు పోలేదు, రేకు ఇంకా జారే ఉంది. ఏళ్ల తరబడి ఒక్క దాని కోసం చూసిన మనిషి, అది వచ్చాక గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. మళ్లీ వానలు పడకముందే పోయాడు. ఆయన కోరిన ఫోటోకు పాత గుర్తింపు కార్డులోది పెద్దది చేయించాం. మంచిగా రాలేదు.

ఇంతవరకు రాసి, అక్క దగ్గరికి పట్టుకపోయి చదివాను. అక్కకు ఇప్పుడు చూపు ఆనదు. బీడీలు మానేసినా వేళ్లు ఒళ్లో ఏదో చుడుతూనే ఉంటాయి. వాగు తీసేసిన కాడ తల ఊపింది. పులిహోర కాడ "తింటవ్, నువ్వు తింటవ్" అంది. చివరిదాకా వింది.

"ఆ దినం వాన లేదు," అంది.

"తుంపర పడ్డది అక్కా. బావ అంగి తడిసి ఉన్నది."

"నీ అంగి తడిసిందా మరి?"

నేను కాగితాలు దించి ఒళ్లో పెట్టుకున్నాను.

"నువ్వు ఫోటో ముచ్చట జెప్పిన దినమే సీసలున్న గాసునూనె పారబోసి నీళ్లు నింపి గూట్ల పెట్టిన. సీసకు వాసన ఎట్లైనా ఉంటది, మీ బావకు తెల్వలే. దీపం ముట్టిద్దామంటే నూనె ఉంటే గదా. పిసినారిదాన్ని అన్నవట, ఇన్న." ఆమె వేళ్లు ఆగాయి. "ఆడ బెంచీ మీద నెత్తి మీదికెల్లి పోసుకున్నడు. అగ్గిపుల్ల గీసిండు. నువ్వు కోరుట్లల ఉన్నవో, ఆటోల ఉన్నవో అప్పుడు. ఆ రాత్రి ఇదంత జెప్పి నన్ను ఒక్కటే అడిగిండు, నీళ్లు ఎప్పుడు పోసినవే అని. జెప్పిన. మళ్ల ఆ ముచ్చట తియ్యలే మేం."

"మరి పీలిక..."

"పీలిక లేదు, గీలిక లేదు. ఇంటికి తోల్కచ్చింది నువ్వే, అది అబద్ధం గాదు. ఆపింది మాత్రం నువ్వు గాదు తమ్మీ. గట్ల రాయి."